సైలెన్సర్ వేయించుకున్న ఇంటికే శాంతి

పాత వంతెన కొట్టుకుపోయిన పెద్ద వరదకి మూడో ఏడు, మా ఇంట్లో మనశ్శాంతి మొదలైంది. ఆ ఏడే మావాడు తన కారుకి కొత్త సైలెన్సర్ వేయించాడు.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి! అలాంటి సైలెన్సర్ల గురించి మీరు ఏమేం విన్నారో నాకు తెలుసు. మా వీధివాళ్లయితే అది తప్ప ఇంకేమీ విని ఉండరు.

కారుకి అలాంటిది బిగించుకోవడం లాభమా, దండగా అని ఈమధ్య కుర్రకారు తెగ వాదించుకుంటున్నారు. నేను మూడో తరగతితోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. మాట విషయంలో కూడా పిసినారినే. అందుకని ఒక్క ముక్కలో తేల్చేస్తాను. వేయించుకోండి!

అయిపోయింది. నా మటుకు నాకు ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు. కానీ ఒక్క ముక్కతో పేజీ ఎలా నిండుతుందని ఎడిటరుగారు అడిగారు. నిండాలి కాబట్టి కారణాలు కూడా చెబుతాను. కాస్త ఓపిక పట్టండి.

ముందుగా ఆ వస్తువుకి ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ ఆయన కాళ్లు కడిగి నెత్తిన జల్లుకోవాలి. సైలెన్సర్! మా ఆవిడకి ఇంగ్లీషు రాదు. అయినా సైలెన్స్ అంటే నోరు మూసుకోవడమని తెలుసు. ఆస్పత్రి గోడ మీద పెదాలపై వేలు పెట్టుకున్న నర్సు బొమ్మ కింద రాసి ఉంటుంది కదా, అలా తెలుసు. కారు కింద ఉండే గొట్టాన్ని మనమందరం సైలెన్సర్ అనే అంటాం. చప్పుడుని మింగేస్తుంది కాబట్టి.

మావాడి కారుకున్న గొట్టం తుప్పు పట్టి, చిల్లు పడి, రోజూ పొద్దున్నే పొగచుట్టల ముసలాయన దగ్గినట్టు దగ్గేది.

"ఒరేయ్, ఆ దగ్గు వినలేక చస్తున్నాను. సైలెన్సర్ మార్పించరా" అంది మా ఆవిడ.

"సరేనమ్మా" అన్నాడు మావాడు.

వాడు పుట్టిన దగ్గర్నుంచీ వాళ్లమ్మ చెప్పిన మాటల్లో వాడు విన్నది అదొక్కటే. పెందలాడే లేవమంటే వినలేదు. ఉన్న ఉద్యోగం మానేసి ఆ సెల్‌ఫోన్ల షాపులో చేరొద్దంటే వినలేదు. సైలెన్సర్ మార్పించరా అంటే మాత్రం ఆ సాయంత్రమే మెకానిక్ షెడ్డుకి పరిగెత్తాడు. తల్లి మాట జవదాటని కొడుకు! తోడుగా నన్నూ తీసుకెళ్లాడు.

మెకానిక్ కారు కింది గుంతలోంచి నల్లటి మొహం పైకెత్తి, "మామూలుది వెయ్యమంటావా, స్పోర్ట్సుది వెయ్యమంటావా?" అని అరిచాడు. ఆయన ఎప్పుడూ అరిచే మాట్లాడతాడు. అలాంటి గొట్టాలు బిగించీ బిగించీ ఆయన చెవులు పోయాయి. సరుకు ఎంత నాణ్యమైనదో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం కావాలా? నాసిరకమైతే చెవులు ఉండిపోవూ!

"తేడా ఏంటన్నా?" అన్నాడు మావాడు.

"తేడానా! మామూలుదంటే ఇంజను ముక్కు మూసినట్టే తమ్ముడూ. దాని లోపల అన్నీ అడ్డాలు, జాలీలు, దూది! పాపం ఇంజనుకి ఊపిరాడదు. ఇదనుకో, గొట్టం తిన్నగా ఉంటుంది. లోపలున్నదంతా హాయిగా బయటికి వదిలేస్తుంది. ఐదు గుర్రాలు పెరుగుతాయి!"

"గుర్రాలా?" అన్నాను నేను. ఆ వారానికి నా మాట అది.

"హార్స్ పవర్ బాబాయ్! ఐదు! నాదీ పూచీ!" అని, కాస్త గొంతు తగ్గించి, అంటే పక్క షెడ్డువాళ్లకి మాత్రమే వినపడేలా, "కింది గేర్లలో లాగుడు కొంచెం తగ్గుతుందనుకో. పెద్ద స్పీడులో చూస్కో దాని తడాఖా" అన్నాడు.

మా వీధి గురించి చెప్పాలి. ఈ చివర తుమ్మితే ఆ చివర వినపడేంత వీధి. అందులో నాలుగు స్పీడ్ బ్రేకర్లు, రెండు గుంతలు, ఎవరో ఇల్లు కడదామని పోసి మరిచిపోయిన ఇసుక గుట్ట. ఈ వీధిలో మావాడి కారు రెండో గేరు మొహం చూసి ఎన్నాళ్లయిందో! అలాంటి చోట ఐదు గుర్రాలెందుకని మీరడగొచ్చు. మెడలో గొలుసు వేసుకున్నవాళ్లని ఎందుకని అడుగుతున్నామా? ఉండటం ముఖ్యం. పరిగెత్తించడం కాదు.

కారు ఇంటికొచ్చింది. మావాడు గేటు ముందు ఆపి, "అమ్మా! సైలెన్సర్ మార్పించాను, విను!" అన్నాడు.

వినమని చెప్పక్కర్లేకపోయింది. వంటింట్లో గిన్నెలన్నీ అలమరలోంచి నడుచుకుంటూ వచ్చి కింద పడ్డాయి. మా ఆవిడ గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"ఒరేయ్, మార్పించమన్నానా, పీకించమన్నానా?"

"ఇదీ సైలెన్సరేనమ్మా. ఇదే ఖరీదైంది."

"మరి ఆ చప్పుడేంట్రా?"

"చప్పుడు కాదమ్మా. సౌండ్ అంటారు."

అదండీ సంగతి. చప్పుడుకి ఖరీదు కడితే సౌండ్ అవుతుందని ఆ రోజే నేర్చుకున్నాను. మూడో తరగతి దాటి చదివి ఉంటే ముందే తెలిసేదేమో.

మొదటి వారం మా వీధివాళ్లు సరిగ్గా అర్థం చేసుకోలేకపోయారు. వరద చూసిన వీధి కదా! మావాడు మలుపు తిరగ్గానే ఆడవాళ్లు ఉరుమనుకుని మేడ మీదికి పరిగెత్తి ఆరేసిన బట్టలు తీసుకొచ్చేవారు. ఎదురింటి దర్జీ మిషను మీదున్న గుడ్డలన్నీ మూటగట్టి అటక మీదికి చేర్చాడు. తర్వాత అలవాటు పడ్డారు. మావాడికి 'ఉరుము' అని పేరు కూడా పెట్టారు. పుట్టినప్పుడు మేం పెట్టిన పేరు వాడి షాపువాళ్లకి కూడా గుర్తులేదు. ఈ పేరు చిన్నపిల్లలకి కూడా తెలుసు. కారుకి గొట్టం బిగిస్తే మనిషికి కీర్తి వస్తుందని ఏ శాస్త్రంలో రాశారు? అయినా వచ్చింది!

ఇదివరకు మావాడిని ఎవరూ పలకరించేవాళ్లు కాదు. ఇప్పుడో? ప్రతి కూడలిలోనూ ట్రాఫిక్ పోలీసులు చెయ్యెత్తి ఆపి, పేరు, ఊరు, ఇంటి అడ్రసు అడిగి మరీ రాసుకుంటున్నారు. ఎంత పరపతి! పెట్రోలు బంకువాళ్లకి మావాడంటే ప్రాణం. వారానికోసారి వచ్చేవాడు, ఇప్పుడు రెండుసార్లు కనిపిస్తున్నాడు. కారు అమ్మిన కంపెనీవాళ్లయితే గొట్టం చూసి, "ఇక దీనికేమైనా అయితే మా దగ్గరికి తీసుకురాకండి" అని చేతులు జోడించారు. సర్వీసింగుకి తిరిగే శ్రమ తప్పించారు, వాళ్ల కడుపు చల్లగా ఉండాలి.

బయటికి ఇంత ఉంటే లోపలెలా ఉంటుందో అని మీకు సందేహం రావచ్చు. పెద్ద రోడ్డు మీద ఒకే వేగంతో పోతుంటే కారు లోపల ఒక హోరు పుడుతుందని మావాడే చెప్పాడు. బిందెలో తల పెట్టి తుమ్మెదని వదిలినట్టుంటుందట. పాటలు వినపడవు. పక్కనున్నవాళ్ల గొంతు వినపడదు. మేనేజరు ఫోను కూడా వినపడదు. ఈ మూడోదాని కోసం ఎంతైనా పెట్టొచ్చన్నాడు.

మా మేడ మీద గదిలో ఒక నర్సమ్మ అద్దెకుంటుంది. రాత్రంతా ఆస్పత్రిలో డ్యూటీ చేసి పొద్దున వచ్చి పడుకుంటుంది. మావాడు సరిగ్గా అప్పుడే షాపుకి బయల్దేరతాడు. బయల్దేరేముందు ఇంజను గొంతు సవరించాలి. మెకానిక్ చెప్పాడు, సవరించకపోతే గొట్టంలో మసి పేరుకుంటుందట. నాలుగు రోజులు చూసి ఆవిడ ఎర్రటి కళ్లతో కిందికి దిగింది.

"తాతగారూ, ఆ కారు కాస్త వీధి చివరికి తీసుకెళ్లి స్టార్టు చేసుకోమని చెప్పరా? కళ్లు మూతపడట్లేదు."

నేను తల ఊపాను. ఆవిడ సంతోషంగా పైకెళ్లింది. నేను మావాడికేమీ చెప్పలేదు. చెప్పాలంటే మాట్లాడాలి కదా!

ఈ తల ఊపడం గురించి మీకు చెప్పాలి. నేను సామిల్లులో దుంగలు కోసి ముసలివాణ్ణయ్యాను. రంపం తిరుగుతుంటే అక్కడ మాట వినపడేది కాదు. ఎదుటివాడు ఏదో అంటాడు. వాడి పెదాలు కదులుతాయి. మనం తల ఊపుతాం. వాడూ ఊపుతాడు. ఎవరి పనిలో వాళ్లు పడతాం. మిల్లులో తల ఊపడమంటే 'అవును' అని కాదు, 'నీ నోరు కదలడం చూశాను' అని. అలా కొన్నేళ్లు గడిస్తే మనిషికి మాటతో పనిలేదని తెలుస్తుంది. మిల్లు నుంచి ఇంటికొచ్చినా నా మెడ డ్యూటీ దిగలేదు.

అందుకే మా ఇంట్లో పనుల పంపకం సుళువుగా జరిగింది. మాటలు మా ఆవిడవి. తల నాది.

సాయంత్రం పనులన్నీ ముగించుకుని వీధి గుమ్మం మెట్టు మీద నా పక్కన కూర్చునేది. ఇక మొదలు. దర్జీ భార్య దర్జీని ఏమంది, దానికి దర్జీ ఏమన్నాడు, అననిది ఏమిటి. మూలమీది కిరాణా కొట్టువాళ్ల పోట్లాట ఎంతవరకు వచ్చింది. నర్సమ్మ చెల్లెలికి పరీక్షలు ఎప్పుడు. తన మోకాలు ఈ రోజు ఏ మెట్టు దగ్గర నొప్పి పుట్టింది. మధ్యమధ్యలో "వింటున్నారా?" అనేది. నేను తల ఊపేవాణ్ణి. పెళ్లయిన కొత్తల్లో మొదలుపెట్టిన కబురు ఇంకా పూర్తి కాలేదు. ఇలాంటి ఇల్లాలితో వేగే మొగుళ్లందరూ నా గోడు అర్థం చేసుకోగలరు!

అదిగో, అక్కడే సైలెన్సర్ మహిమ చూడాలి.

మావాడు షాపు నుంచి వచ్చేది సరిగ్గా ఆ వేళకే. కారు గేటు ముందు ఆగుతుంది. ఇంజను ఆపేముందు కూడా గొంతు సవరించాలి కదా! భ్రూమ్మని ఒకసారి, భ్రూభ్రూమ్మని ఇంకోసారి. మా ఆవిడ మాట సగంలో ఆగిపోయేది. చప్పుడయ్యాక, "ఎక్కడిదాకా చెప్పాను?" అనేది. నేనేమీ చెప్పేవాణ్ణి కాదు. గుర్తులేక కాదు సుమండీ. చెప్పడం నా శాఖ కాదు!

"నాతో పాటు ఆ కారు కూడా కబుర్లు చెబుతోంది. దాని కబుర్లే వినండి" అంది ఒక రోజు.

కొన్నాళ్లు గొంతు పెంచి చూసింది. గొంతు బొంగురుపోయింది. కొన్నాళ్లు కబురుని కుదించి చూసింది. దర్జీ పోట్లాటంతా ఒక్క వాక్యంలో అయిపోయేది. తర్వాత మెట్టు మీద కూర్చునేది గానీ మాట్లాడేది కాదు. తర్వాత కూర్చోవడమూ మానేసింది. "తిన్నారా", "తలుపేశారా" దగ్గరికి వచ్చి ఆగింది మా సంసారం.

చూశారా! నోట్లో నాలుక లేని నాలాంటివాడు జీవితకాలం కోరుకున్నా దక్కని ప్రశాంతత, ఒక ఇనుప గొట్టంతో దక్కింది. ఇంకా వేయించుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నారా?

చిన్న చిన్న ఇబ్బందులు ఉండకపోవు. ఒకరోజు క్షవరానికని ఎప్పుడూ వెళ్లే కొట్టుకి వెళ్లాను. లోపల కుర్చీలు లేవు, అద్దాలు లేవు. వరసగా హెల్మెట్లు వేలాడుతున్నాయి. "మంగలాయన కొట్టు మార్చి నెల దాటింది పెద్దాయనా. ఊరంతటికీ తెలుసే!" అన్నాడు హెల్మెట్ల ఆసామి. ఊరంతటికీ తెలిసిందంటే మా ఆవిడకీ తెలిసే ఉంటుంది. నాకు చెప్పే ఉంటుంది. ఏ భ్రూమ్మన్నప్పుడు చెప్పిందో! జుట్టుతోనే ఇంటికొచ్చాను. నేను పేపరు తిరగేసేవాణ్ణి కాదు, నలుగురిలో కూర్చునేవాణ్ణీ కాదు. లోకంలో ఏం జరుగుతోందో నాకు తెలిసే దారి ఒక్కటే, అది కూడా మూసుకుపోయిందని అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. శాంతిలో ఉన్నాను కదా!

ఒక సాయంత్రం నేను మెట్టు మీద కూర్చుని ఉన్నాను. చాలా రోజుల తర్వాత మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. ఏదో చెప్పబోయి ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే మావాడు వచ్చి గేటు ముందు గొంతు సవరించడం మొదలుపెట్టాడు. ఆవిడ పెదాలు కదిలాయి. చిన్న మాటే. కనుబొమలు పైకి లేచాయి కాబట్టి ప్రశ్నేనని తెలిసింది.

నేను తల ఊపాను.

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. లేచి లోపలికెళ్లింది.

మర్నాడు నేను లేచేసరికి ఇంట్లో లేదు. పాలు కాచి మూతపెట్టి ఉన్నాయి. అలమర మీది సంచి లేదు.

"అమ్మ పిన్ని వాళ్లింటికెళ్లింది. నీకు చెప్పానంది" అన్నాడు మావాడు కారు తాళాలు వెతుక్కుంటూ.

"ఊఁ" అన్నాను.

ఇక శాంతి చూడండి! పగలంతా ఇంట్లో గడియారం నడవడం వినపడేది. కుళాయి చుక్క చుక్కా పడటం వినపడేది. పొయ్యి మీద అన్నం మాడటం కూడా వినపడింది గానీ, అది మాడే చప్పుడని నాకు తెలియదు. ఇంత శాంతిని ఒక్క మనిషి ఏం చేసుకుంటాడండీ? పంచుకుందామంటే పక్కన ఎవరూ లేరు. మెట్టు మీద కూర్చుని వీధిలో వచ్చే పోయేవాళ్లని చూసేవాణ్ణి. దర్జీ భార్య దర్జీ మీద చేతులు తిప్పుతూ ఏదో అంటుండేది. ఎందుకంటోందో నాకు తెలియలేదు. పూర్వం అయితే సాయంత్రానికి కారణంతో సహా వచ్చి చేరేది.

వారం గడిచింది. మావాడికి ఇంటి తిండి మీద బెంగ మొదలైంది.

"నాన్నా, అమ్మ ఎప్పుడొస్తుందంట?"

నేను తల అడ్డంగా ఊపాను.

"పోట్లాడుకున్నారా ఏంటి?" అని, మళ్లీ వాడే, "ఛ, పోట్లాడాలంటే నువ్వు నోరు విప్పాలి కదా" అన్నాడు.

వాడి షాపుకి సెలవు రోజున ఫోను మోగింది. మా ఆవిడ చెల్లెలు. మావాడు స్పీకరు నొక్కి నా ముందు పెట్టాడు.

"బావగారూ, బాగున్నారా?"

"ఊఁ."

"బాగానే ఉంటార్లెండి. అక్క లేదు, అడిగేవాళ్లు లేరు."

"ఊఁహూఁ."

"అబ్బ! ఊఁ, ఊఁహూఁ తప్ప ఇంకేమైనా వచ్చా మీకు? ఇంతకీ ఆ రోజు మెట్టు మీద కూర్చుని అక్క మిమ్మల్ని ఏమడిగిందో గుర్తుందా?"

నేను ఫోను కాస్త దగ్గరికి జరుపుకున్నాను.

"'నేనీ ఇంట్లో ఉన్నా, లేకపోయినా మీకు ఒకటేనా?' అని అడిగింది. మీరు శుభ్రంగా తలూపారంట! మౌనం అర్ధాంగీకారం అంటారు. తలూపితే ఇంకేముంది, పూర్తి అంగీకారమే కదా! సంచి సర్దుకోక ఏం చేస్తుంది మరి?"

మావాడు నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. "ఊపావా నాన్నా?"

"వినపడలేదురా" అన్నాను.

"వినపడకపోతే ఏంటీ అని మళ్లీ అడగాలి గానీ తలూపుతారా ఎవరైనా!" అంది ఫోనులో మరదలు.

"ఎందుకు వినపడలేదు?" అన్నాడు మావాడు. నేను గుమ్మంలోంచి బయటికి చూశాను. వాడూ అటు చూశాడు. గేటు ముందు కారు బుద్ధిమంతుడిలా నిలబడి ఉంది.

"ఉండండి, అక్కకిస్తున్నాను. మీరే చెప్పుకోండి" అంది మరదలు.

ఫోను చేతులు మారింది. అటువైపు మా ఆవిడ ఊపిరి వినపడింది. నా వంతని తెలుస్తూనే ఉంది. ఏం చేయాలో తోచక తల అడ్డంగా ఊపాను. గట్టిగా, మెడ పట్టేసేలా, కాదు కాదు కాదని ఊపాను.

ఫోనులో తల ఊపితే అవతలివాళ్లకి కనబడదని, ఆవిడ పెట్టేశాక గుర్తొచ్చింది.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. లాభమా, దండగా? ఐదు గుర్రాలు వచ్చాయి. ఒక మనిషి వెళ్లిపోయింది. గుర్రాలు ఎక్కువా, మనిషి ఎక్కువా మీరే చెప్పండి. ఐదు ఎప్పుడూ ఒకటి కన్నా ఎక్కువే కదా! బడిలో ఆ లెక్క వచ్చేదాకానైనా చదివాను.

ఒట్టేసి చెబుతున్నాను, ఆ గొట్టం మీద నాకు కోపం లేదు. అదేం తప్పు చేసింది పాపం? లోపలున్నదంతా ఊరందరి ముందూ బయటపెట్టేస్తుంది. దాచుకోవడం దానికి చేతకాదు. అడ్డాలూ జాలీలూ దూదీ కూరుకుని, ఎంత మండినా, ఎంత మురిసినా పైకి ఒక్క ముక్క పోనివ్వని అసలు సిసలు సైలెన్సర్ మా ఇంట్లో ముందునుంచే ఉంది. దాన్ని బిగించింది ఏ మెకానికూ కాదు. అదే మెట్టు మీద కూర్చుని తల ఊపుతూ ఉంటుంది. కొత్తదాని చప్పుడుకి పాతదాని గుట్టు బయటపడింది, అంతే!

ఆ సాయంత్రం మావాడు కారు తీసుకుని వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు చప్పుడు లేదు. వీధిలోకి చూద్దును కదా, ఇంజను ఆపేసి, కారుని తోసుకుంటూ వస్తున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. ఐదు గుర్రాలూ లోపలే ఉండగా మనిషి తోస్తున్నాడు! వెనక నుంచి మెకానిక్ కూడా తోస్తున్నాడు. స్పీడ్ బ్రేకరు ఎక్కించేటప్పుడు నన్ను చూసి, "ఏం బాబాయ్! ఇప్పుడు సైలెంటుగా ఉందా?" అని అరిచాడు. ఆ అరుపుకి దర్జీ ఇంట్లోంచి, కిరాణా కొట్లోంచి, మేడ మీంచి అందరూ బయటికొచ్చారు.

"మామూలుది దొరికేదాకా ఇంతే నాన్నా. మలుపు దగ్గర ఆపేసి తోసుకొస్తా" అన్నాడు మావాడు రొప్పుతూ. "రేపు పొద్దున్నే నిన్ను పిన్ని వాళ్లింటి దగ్గర దింపుతాను. గంటలో వెళ్లిపోవచ్చు."

"వద్దురా. బస్సులో వెళ్తాను. దారిలో ఏం మాట్లాడాలో ఆలోచించుకోవాలి. నీ కారులో ఆలోచన కూడా వినపడదు."

మావాడు మెకానిక్ వంక చూశాడు. మెకానిక్ మావాడి వంక చూశాడు. నేను ఒక్కసారే అన్ని మాటలనడం వాళ్లు ఎరగరు. నిజానికి నేనూ ఎరగను.

మర్నాడు పొద్దున ఏం చేశానంటారా?

ఖాళీ చేతులతో వెళ్లకూడదు కదా. పళ్లో, పువ్వులో తీసుకెళితే ఆవిడకి సరిపోదు. ఆవిడకేం కావాలో నాకు తెలుసు. వారం పైబడి వీధి కబుర్లు లేక ఎంత అల్లాడిపోతోందో! అందుకని తెల్లారగానే కబుర్ల వేటకి బయల్దేరాను.

నర్సమ్మ డ్యూటీ దిగి మెట్లెక్కుతోంది.

"ఏం విశేషాలమ్మా?" అన్నాను.

ఆవిడ సంచి కింద పెట్టి, గబుక్కున నా మణికట్టు పట్టుకుని నాడి చూసింది. "గుండెల్లో ఏమైనా బరువుగా ఉందా తాతగారూ? చెమటలు పడుతున్నాయా?"

"ఏం లేదు. విశేషాలు కావాలి."

ఇంకాసేపు నాడి చూసి, అప్పుడు చెప్పింది, రేపట్నుంచి తనని పిల్లల వార్డుకి మార్చారని. మంగలాయన కొట్టు ఎక్కడికి మారిందో కూడా ఆవిడే చెప్పింది. ఎదురింటికి వెళ్లాను. కారు మీద గొడవకొచ్చానేమో అనుకుని దర్జీ మిషను వెనక్కి జరిగాడు. కాదని తెలిశాక తన కూతురికి ఉద్యోగం వచ్చిందని చెప్పి, కుర్చీ వేసి, కంటతడి పెట్టుకున్నాడు. అక్కణ్ణుంచి మంగలి కొట్టు. జుట్టు దిగేలోపు ఊరు ఊరంతా నా చెవిలో పడింది. తల ఊపబోతే, "కదలకండి, చెవి తెగుతుంది!" అని గదిమాడు. నోటితోనే 'ఊఁ' కొట్టాల్సి వచ్చింది.

బస్సులో కూర్చుని అన్నీ వరసగా నెమరేసుకున్నాను.

మా ఆవిడ చెల్లెలి ఇంటి వరండాలో బల్ల మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. నన్ను చూసింది. నా క్షవరం చూసింది. మళ్లీ బట్టల్లోకి చూసుకుంది.

"ఒకటి కాదు" అన్నాను. దారి పొడుగునా కూడబలుక్కున్న మాట అది.

"ఏంటి ఒకటి కాదు? రెండా?" అంది తలెత్తకుండా.

లోపల నుంచి మరదలి నవ్వు వినపడింది. నా దగ్గరున్న పెద్దమాట అయిపోయింది. ఇక చిన్నవి తీశాను.

"దర్జీ పెద్ద కూతురికి బ్యాంకులో ఉద్యోగం వచ్చింది."

మడతపెట్టే చెయ్యి ఆగింది.

"పెద్దదానికా? పెద్దది ఎప్పుడో చేరింది, అదీ బ్యాంకు కాదు, బీమా ఆఫీసు. ఇప్పుడొస్తే చిన్నదానికి వచ్చుండాలి. ఎవరు చెప్పారు మీకు?"

"దర్జీ."

"ఆయనకేం తెలుసు!"

నేను ఇంకొకటి తీశాను. "నర్సమ్మని పిల్లల వార్డుకి మార్చారు."

"వాళ్లు మార్చడమేంటి? తనే వెంటపడి అడిగి మార్పించుకుంది. ఎందుకో తెలుసా?" అని బట్టల దొంతర పక్కకి నెట్టింది. బల్ల మీద నాకు చోటు వచ్చింది. కూర్చున్నాను. "పగటి డ్యూటీ కోసం. ఇంట్లో నిద్రపోయే యోగం లేదు, ఆస్పత్రిలో అయినా పగలు గడుపుదామని. ఆ పిల్ల నాతో చెప్పి ఎంత ఏడ్చిందో! పైగా వాళ్ల హెడ్ నర్సు ఉంది చూశారూ..."

హెడ్ నర్సు దగ్గర మొదలై హెడ్ నర్సు ఆడపడుచు దాకా వెళ్లింది. ఎండ వరండాలోకి వచ్చింది. మరదలు మంచినీళ్లు పెట్టి వెళ్లింది.

"వింటున్నారా?" అంది మధ్యలో ఆగి.

తల దానంతటదే కిందికి దిగబోయింది. పట్టి ఆపాను.

"వింటున్నాను" అన్నాను.